సంతకం పెట్టిన క్షమాపణ లేఖ కేసును ఎటు తిప్పుతుంది?

ప్రశ్న: గుర్తింపు పొందిన ప్రైవేటు హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. 19 ఏళ్ల సర్వీసు. పదో తరగతిలో ఏటా నూటికి నూరు శాతం ఫలితాలు. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు వరసగా హోంవర్క్ చేయకపోగా, అడిగితే క్లాసులో అందరి ముందూ వెక్కిరించాడు. కోపం ఆపుకోలేక చెక్క స్కేలుతో అరచేతి మీద రెండు దెబ్బలు వేశాను. మర్నాడు తల్లిదండ్రులు వచ్చి గొడవ చేశారు. ‘క్షమాపణ లేఖ రాసివ్వండి, ఇక్కడితో అయిపోతుంది’ అని కరస్పాండెంట్ వాట్సాప్‌లో పెట్టారు. ఆయన గదికి వెళ్లి, ‘విచక్షణ లేకుండా కర్రతో కొట్టాను, క్షమించండి’ అని ఆయన చెప్పినట్టే రాసి సంతకం పెట్టాను. వారం తిరక్కుండా సస్పెండ్ చేసి, ఆ లేఖనే చూపిస్తూ షోకాజ్ నోటీసు ఇచ్చారు. మనసు బాగాలేక జవాబివ్వలేదు. గడువు దాటి 4 రోజులైంది. పోలీసులు పిలిచి మాట్లాడి పంపారు, ఎఫ్ఐఆర్ కట్టలేదు. అబ్బాయి తండ్రి 2 లక్షలు ఇస్తే వదిలేస్తానంటున్నాడు. ఏడాది దాటితే కేసు చెల్లదంటున్నారు, నిజమేనా? ‘మేడం కొట్టలేదు’ అని క్లాసు పిల్లలందరి చేత రాయించుకోమని తోటి టీచర్లు, రాజీనామా చేసి బయటపడమని ఇంట్లోవాళ్లు చెబుతున్నారు. పిల్లల మంచి కోరి దండించడం నేరమా? - ఒక ఉపాధ్యాయిని

జవాబు: మీ సర్వీసు, మీ ఫలితాలు, ఆ కుర్రాడి పొగరు, ఇవేవీ ఈ కేసును తేల్చవు. మీరు సంతకం పెట్టిన కాగితం తేలుస్తుంది. నాకు రాసిన ఉత్తరంలో స్కేలు, అరచేయి, రెండు దెబ్బలు ఉన్నాయి. కరస్పాండెంట్‌కు ఇచ్చిన లేఖలో కర్ర, ‘విచక్షణ లేకుండా’ ఉన్నాయి. రెండూ మీ చేతిరాతే. విచారణాధికారి గానీ మేజిస్ట్రేటు గానీ ముందు చదివేది రెండోదాన్ని. ఆ లేఖ నకలు మీ దగ్గర ఉందో లేదో కూడా మీరు రాయలేదు. పిల్లలకు రఫ్ వర్క్ కూడా చూపించమని చెప్పే లెక్కల టీచరు నకలు లేకుండా సంతకం పెట్టడం ఏమిటి?

నేరమా అని అడిగారు కాబట్టి దాన్ని ముందు ముగిద్దాం. బడిలో దెబ్బ వేయడాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002 ఫిబ్రవరిలోనే జీవో ఎంఎస్ నంబరు 16తో నిషేధించింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. దానికి శిక్ష సర్వీసు నిబంధనల ప్రకారం క్రమశిక్షణ చర్య, జైలు కాదు. ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకే వర్తిస్తుంది కాబట్టి ‘తొమ్మిదో తరగతి వాడికి 14 దాటింది’ అని ఎవరైనా మీకు ఆశ పెట్టవచ్చు. ఆ దారిన పోకండి. జీవోకు ఆ వయసు గీత లేదు. జువెనైల్ జస్టిస్ చట్టం 18 ఏళ్ల లోపు అందరికీ వర్తిస్తుంది. సదుద్దేశంతో కొట్టారని టీచర్లపై కేసులు కొట్టేసిన హైకోర్టు తీర్పులు ఉన్న మాట నిజమే. వాటిలో కోర్టులు చూసింది ఎంత బలంగా, దేనితో, ఒంటి మీద ఎక్కడ కొట్టారని. అంటే తిరిగి తిరిగి మీ లేఖలోని ‘కర్ర’ దగ్గరికే వస్తాం.

ఆ లేఖను పూర్తిగా పక్కన పెట్టించగలమా? భారతీయ సాక్ష్య అధినియం 2023లోని 22వ సెక్షన్ ప్రకారం అధికారంలో ఉన్న వ్యక్తి ఆశ చూపి గానీ, బెదిరించి గానీ, హామీ ఇచ్చి గానీ రాబట్టిన నేర ఒప్పుకోలు క్రిమినల్ కేసులో చెల్లదు. ‘రాసివ్వండి, ఇక్కడితో అయిపోతుంది’ అన్న వాట్సాప్ మెసేజ్ మీకు ఉన్న ఒకే ఒక్క ఆయుధం. ఆ ఫోను మార్చకండి, రీసెట్ చేయకండి, ఆ చాట్‌లో ఒక్క మెసేజ్ కూడా తుడిచేయకండి. స్క్రీన్‌షాట్ ప్రింటు ఒక్కటే చాలదు. అదే అధినియం 63(4) కింద హ్యాష్ విలువతో, అంటే ఫైలు మారలేదని చూపే సంఖ్యతో, కూడిన సర్టిఫికెట్ జతచేయాలి, అవసరమైతే ఫోను కోర్టు ముందు పెట్టాలి. ఒకటి గుర్తుంచుకోండి. స్కూలు జరిపే విచారణకు సాక్ష్య చట్టం అక్షరాలా వర్తించదు. అక్కడ ఆ లేఖ లోపలికి వస్తుంది, దానికి ఎంత విలువ ఇవ్వాలన్నదే వాదన.

లేఖ ఏ పరిస్థితిలో రాశారో మీరు మొదట ఎప్పుడు చెప్పారన్నది అన్నిటికంటే ముఖ్యం. లేఖ ఇచ్చిన వెంటనే ‘చెబితే రాశాను’ అంటే నమ్ముతారు. విచారణ మొదలయ్యాక అంటే లాయరు నేర్పిన మాట అంటారు. మీకు ఆ అవకాశం షోకాజ్ జవాబు రూపంలో చేతికొచ్చింది. మనసు బాగాలేదని దాన్ని వదిలేశారు. నోటీసుకు జవాబివ్వకపోతే చెప్పుకోవడానికేమీ లేదనే అనుకుంటారు. తుది ఉత్తర్వు ఇంకా రాలేదు కాబట్టి దారి పూర్తిగా మూసుకుపోలేదు. ఈ రెండు మూడు రోజుల్లోనే జవాబు పంపండి. ఆలస్యానికి కారణం ఒక్క వాక్యంలో రాయండి, డాక్టరు చీటీ ఉంటే జతచేయండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి, ఒక కాపీ స్కూలు ఆఫీసులో ఇచ్చి తేదీతో ముద్ర వేయించుకోండి.

జవాబు రెండు పేజీలు దాటనక్కర్లేదు. నూరు శాతం ఫలితాల గురించి అందులో రాయకండి. ఇలా మొదలుపెట్టండి: ‘ఫలానా తేదీన ఫలానా పీరియడ్‌లో చెక్క స్కేలుతో విద్యార్థి అరచేతిపై రెండు దెబ్బలు వేసిన మాట వాస్తవం, అది తప్పే. కర్రతో, విచక్షణ లేకుండా కొట్టానన్నది వాస్తవం కాదు. ఆ వాక్యం కరస్పాండెంట్ గారు తమ గదిలో చెప్పగా రాశాను. అంతకుముందు ఆయన పంపిన మెసేజ్ జతచేస్తున్నాను.’ కుడిచేయో ఎడమచేయో మీకు గుర్తుంటేనే రాయండి. గుర్తులేనిది ఊహించి రాస్తే క్రాస్ ఎగ్జామినేషన్‌లో దొరికిపోతారు. కొట్టిన మాట దాచొద్దు. కొట్టారని మీరే రాసిచ్చాక ‘అసలు కొట్టనేలేదు’ అంటే, నిజమైన సగాన్ని కూడా ఎవరూ నమ్మరు.

అదే కాగితంలో మూడు అడగండి. మీ లేఖ నకలు, తల్లిదండ్రుల ఫిర్యాదు నకలు, క్లాసులో సీసీ కెమెరా ఉంటే ఆ రోజు ఆ పీరియడ్ ఫుటేజీని భద్రపరచడం. ఫుటేజీ సంగతి ఇవాళే చేయాలి. డీవీఆర్‌లో పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కుతూ పోతుంది. హార్డ్ డిస్క్ సైజును బట్టి చాలా స్కూళ్లలో 15 నుంచి 30 రోజులకు మించి మిగలదు. రెండు దెబ్బలే అన్న మీ మాటకు అంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు. మీరు రాతపూర్వకంగా అడిగాక కూడా చెరిగిపోతే, వాళ్లు కావాలనే పోగొట్టారని వాదించే వీలుంటుంది. అడగకపోతే ఆ వాదన కూడా ఉండదు.

పిల్లవాణ్ని ఆసుపత్రిలో చూపించారా? మీరు రాయలేదు. చూపిస్తే గాయాల సర్టిఫికెట్లో గాయం ఎక్కడ ఉంది, పరీక్షించిన తేదీ, టైము, కమిలిన మచ్చ రంగు చూడాలి. మచ్చ మొదట ఎర్రగా, తర్వాత నీలంగా, ఐదారు రోజులకు ఆకుపచ్చగా, ఆపైన పసుపుగా మారుతుంది. మర్నాడు పరీక్షిస్తే ఆకుపచ్చగా ఉందంటే అది మీరు కొట్టిన దెబ్బ కాదని వాదించవచ్చు. ఎముక చిట్లిందని ఎక్స్‌రేలో ఉంటే మాత్రం కథ వేరు. అది ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 117(2) కింద తీవ్ర గాయం, 7 ఏళ్ల దాకా శిక్ష, పోలీసులు నేరుగా కేసు కట్టవచ్చు.

ఏడాది మాటకు వద్దాం. సగం నిజం ప్రమాదకరం. మామూలు గాయం, అంటే న్యాయ సంహిత 115(2), ఏడాది దాకా శిక్ష ఉన్న నేరం. దానికి సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 514వ సెక్షన్ ప్రకారం కాలపరిమితి ఏడాదే. ఆ ఏడాది లోపు ఫిర్యాదు దాఖలైతే చాలు, కోర్టు ఎప్పుడు విచారణకు తీసుకుందన్నది లెక్కకు రాదు. కానీ జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ ఉంది. పిల్లల సంరక్షణ బాధ్యత ఉన్న సంస్థలో ఉద్యోగి క్రూరంగా ప్రవర్తిస్తే 5 ఏళ్ల దాకా కఠిన కారాగారం, 5 లక్షల దాకా జరిమానా. 3 ఏళ్లు మించిన శిక్ష ఉన్న నేరానికి కాలపరిమితి లేదు. రెండూ కలిపి విచారిస్తే పెద్ద శిక్ష ఉన్న నేరాన్నే లెక్కలోకి తీసుకుంటారు. బడి టీచరు ఆ సెక్షన్‌లోకి వస్తారా, రెండు దెబ్బలు ఆ సెక్షన్ చెప్పే ‘అనవసర బాధ’ అవుతాయా అన్నది మీ లాయరు గట్టిగా వాదించాల్సిన సంగతి. పోలీసులు ఎఫ్ఐఆర్ కట్టలేదని నిశ్చింతగా ఉండకండి. 115(2) పోలీసులు సొంతంగా కేసు కట్టే నేరం కాదు, 2021 సవరణ తర్వాత 75 కూడా అంతే. తండ్రి నేరుగా మేజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు కేసు వేసుకోవచ్చు. ఇక నష్టపరిహారం దావాకు మామూలుగా 3 ఏళ్లు. మైనరు విషయంలో ఆ గడియారం 18 నిండాకే మొదలవుతుంది. ఆ అబ్బాయికి 21 వచ్చేదాకా ఆ తలుపు తెరిచే ఉంటుంది.

ఇప్పుడు తోటి టీచర్ల సలహా. పిల్లల చేత ‘కొట్టలేదు’ అని రాయించారా, రెండు దెబ్బలతో పోయే దాన్ని జైలు దాకా మీరే మోసుకెళ్లినట్టు. విచారణలో వాడటానికి తప్పుడు సాక్ష్యం పుట్టించడం న్యాయ సంహిత 229 కింద నేరం, కోర్టు వ్యవహారమైతే 7 ఏళ్ల దాకా. మార్కులో హాల్‌టికెట్టో అడ్డం పెట్టి బెదిరించారన్న మాట వస్తే 232 కూడా చేరుతుంది. పైగా మీరు కొట్టారని మీ సంతకంతోనే ఉంది. అందరి కాగితాల్లోనూ ఒకే వాక్యం, ఒకే పెన్ను. ఒక్క పిల్లవాడు ‘టీచర్ చెబితే రాశాం’ అంటే అక్కడితో అయిపోయింది. ఆ పిల్లలతో, ఆ అబ్బాయితో ఈ విషయం మాట్లాడనే వద్దు. వాళ్ల ఇంటికి వెళ్లొద్దు, క్లాసు గ్రూపులో సంజాయిషీ పెట్టొద్దు. అబ్బాయి పేరో ఫొటోనో బయట పెడితే జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ వేరే కేసు.

2 లక్షలు నగదుగా ఇవ్వకండి. 115(2)ను రాజీ చేసుకోవచ్చు. మైనరు తరఫున కోర్టు అనుమతితో తండ్రి చేసుకోగలడు. 75వ సెక్షన్ రాజీపడే నేరాల పట్టికలో లేదు. దాన్ని కొట్టేయాలంటే నాగరిక్ సురక్షా సంహిత 528 కింద హైకోర్టుకే వెళ్లాలి. కాగితం లేకుండా ఇచ్చిన డబ్బు రేపు ‘తప్పు ఒప్పుకుని ఇచ్చింది’ అనే సాక్ష్యమవుతుంది, కేసు మాత్రం అక్కడే ఉంటుంది. వైద్యానికి అయిన ఖర్చు ఇవ్వాలనిపిస్తే బిల్లులు చూసి, లాయరు రాసిన లేఖతో, బ్యాంకు ద్వారా ఇవ్వండి.

రాజీనామా వద్దు. క్రిమినల్ బాధ్యత దానితో పోదు, మీ రక్షణ మాత్రం పోతుంది. ఆంధ్రప్రదేశ్ 1982 విద్యా చట్టం 79వ సెక్షన్ ప్రకారం అభియోగాలు తెలిపి, విచారణ జరిపి, మీ మాట వినకుండా తొలగించడానికి లేదు. సస్పెన్షన్ 2 నెలలు. మీ వల్లే విచారణ ఆలస్యమైందని కారణాలు రాస్తే మరో 2 నెలలు పొడిగించవచ్చు, అంతకుమించి వీల్లేదు. అందుకే వాయిదాలు మీరు అడక్కండి. తేదీ లేని రాజీనామా మీద సంతకం అడిగితే అసలే పెట్టొద్దు.

తిరిగి క్లాసులోకి వెళ్లాక స్కేలు బోర్డు మీద గీతలకే. హోంవర్క్ చేయని పిల్లవాడి విషయం ఆ రోజే డైరీలో రాసి తల్లిదండ్రుల సంతకం తెప్పించండి. రెండోసారికి హెడ్‌మాస్టరుకు కాగితం పెట్టండి, మూడోసారికి తల్లిదండ్రులను ఆఫీసుకు పిలిపించి జరిగినది రిజిస్టరులో ఎక్కించండి. బెంచీ ఎక్కించడం, గోడకుర్చీ వేయించడం, అందరి ముందు హేళన చేయడం కూడా 17వ సెక్షన్ కిందికే వస్తాయి. ఎస్సీ, ఎస్టీ పిల్లవాణ్ని కులం ఎత్తి ఒక్క మాట అన్నా అట్రాసిటీ చట్టం దాకా పోతుంది. వెక్కిరించిన రోజునే ఆ కుర్రాడి గురించి ఒక చీటీ రాసి ఆఫీసులో ఇచ్చి ఉంటే, ఇవాళ ఫైల్లో మీ క్షమాపణ లేఖ కంటే ముందు అది ఉండేది.

లాయరు దగ్గరికి వెళ్లేటప్పుడు నియామక ఉత్తర్వు, సస్పెన్షన్ ఉత్తర్వు, షోకాజ్ నోటీసు, అది మీ చేతికందిన తేదీ కనిపించే కవరు, ఆ ఫోను తీసుకెళ్లండి. తుది ఉత్తర్వు వస్తే అప్పీలు గడువు అది మీకు అందిన రోజు నుంచే మొదలవుతుంది, కాబట్టి తీసుకునేటప్పుడు సంతకం పక్కన తేదీ వేయండి.