ఎండ దాహమా, కిడ్నీ జబ్బా?

ప్రశ్న: 11 ఏళ్లు మా ఇంట్లో పెరిగిన లాబ్రడార్ పోయిన నెల కిడ్నీలు చెడిపోయి చనిపోయింది. ఏప్రిల్ నుంచి నీళ్లు ఎక్కువ తాగుతుంటే ఎండల వల్లే అనుకున్నాం. వాంతులు మొదలై డాక్టరుకు చూపించేసరికి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి పంపాల్సిన వ్యర్థం) 7.8. నాలుగు రోజులు సెలైన్ ఎక్కిస్తే 5.9కి దిగి మళ్లీ పెరిగింది. చివరికి డాక్టరు చెబితే సూది వేయించి పంపించేశాం. ముందే తీసుకుపోతే బతికేదా? 7 ఏళ్ల రెండో కుక్కకూ వస్తుందా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: ముందే తెలిస్తే మందులతో, పథ్యంతో ఇంకొన్నాళ్లు సుఖంగా గడిపేదేమో. పాతబడిన కిడ్నీ జబ్బు నయం మాత్రం కాదు. దాదాపు 75 శాతం పని ఆగిపోయాకే క్రియాటినిన్ హద్దు దాటుతుంది, పోయిన వడపోత భాగాలు మళ్లీ పుట్టవు. వాంతులతో ఒళ్లు ఎండిపోయి పెరిగిన కొంత భాగాన్నే సెలైన్ దించింది. క్రియాటినిన్ 5 దాటితే అది జబ్బులో నాలుగో దశ, ఆఖరిది. అక్కడ విషాలు రక్తంలో నిలిచి నోట్లో పుండ్లు పడతాయి, కడుపులో తిప్పడం ఆగదు. సూది ఆపింది ఆ బాధనే. మీరు తప్పు చేయలేదు.

ఎండను చూసి పొరపడటం మన ఓరుగల్లులో తేలిక. తేడా చెప్పేది మూత్రం. ఎండకు దప్పికైన కుక్క రొప్పుతూ నీటిని ఆవిరి చేసుకుంటుంది కాబట్టి మూత్రం కొంచెమే, ముదురు పసుపు రంగులో వస్తుంది. కిడ్నీ చెడితే మూత్రాన్ని చిక్కబరచలేదు. నీళ్లలాంటి మూత్రం మాటిమాటికీ పోస్తుంది, రాత్రుళ్లు బయటికి పంపమని లేపుతుంది, పోయిన నీటిని పూడ్చుకోవడానికే తాగుతుంది. ఇల్లు తడుపుతోందని నీళ్ల గిన్నె తీసేస్తారు కొందరు. దయచేసి ఆ పని ఎన్నడూ చేయకండి, ఒక్క రోజులో ప్రాణం మీదికొస్తుంది.

రెండోదానికి మూడు రోజులు నీళ్లు కొలిచి పోయండి. మర్నాడు అదే వేళకు మిగిలింది కొలిచి తీసేయండి. కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్లు, అంటే 20 కిలోల కుక్క 2 లీటర్లు దాటితే పరీక్ష తప్పనిసరి. దాటకపోయినా ఈ వయసు నుంచి ఏడాదికోసారి చేయించండి. పొద్దున మొదటి మూత్రాన్ని శుభ్రమైన గరిటెలో పట్టి, మూతున్న సీసాలో గంటలోపు ల్యాబుకు చేర్చండి, ఆలస్యమైతే ఫ్రిజ్‌లో పెట్టండి. సాంద్రత 1.030 పైన ఉంటే కిడ్నీలు చిక్కబరుస్తున్నట్టే. పదేపదే 1.008–1.012 మధ్య వస్తే అనుమానించాలి. రక్తంలో క్రియాటినిన్‌తో పాటు ఎస్‌డీఎంఏ అనే మరో కిడ్నీ పరీక్ష కూడా అడగండి, అది ముందుగా పసిగడుతుంది. మామునూరు పశువైద్య కళాశాల మీకు దగ్గరే.

ఈ జబ్బు గిన్నె పంచుకుంటే అంటదు. ఎలుకల మూత్రంతో వానాకాలపు మడుగుల్లో చేరే లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా మాత్రం కిడ్నీలను దెబ్బతీస్తుంది, కుక్క మూత్రం నుంచి మనుషులకూ సోకుతుంది. పెద్దదానికి ఆ పరీక్ష జరిగిందా అని డాక్టరును అడగండి. చిన్నదానికి ఏటా టీకా వేయించండి. మనం వాడే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ ఇవ్వకండి. ద్రాక్ష, కిస్మిస్ కూడా వద్దు.

తోడు పోయాక అది వెతుకుతుంది, తిండి తగ్గిస్తుంది. కానీ ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే బెంగ అనుకుని ఆగకండి, ఆ రోజే చూపించండి.