రీసెర్చ్ కోసం ఆసుపత్రిలో వీడియో తీస్తామంటే ఒప్పుకోవాలా?

మర్రిగూడలో ఉండే మీ నాయనమ్మ ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు దెబ్బతినే జబ్బు) నడకను రీసెర్చ్ కోసం వీడియో తీస్తామన్నారు, కాదంటే వైద్యం ఆపేస్తారేమోనని మీ టెన్షన్. ఆపకూడదు. మధ్యలో వద్దన్నా అంతే.

ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం, రీసెర్చ్‌లో రోగులకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి, ఆమె సమ్మతి రెండూ ఉండాలి. చదువు రాదన్నారు కాబట్టి ఫారం తెలుగులో చదివి వినిపించి, ఆ రీసెర్చ్‌తో సంబంధం లేని, చదువుకున్న సాక్షి ముందే వేలిముద్ర వేయించుకోవాలి. ఏదో అడ్మిషన్ కాగితం మీద వేసింది దీనికి సరిపోదు.

అసలు వంగిన వెన్ను, మోకాళ్లు, అడుగు పడే తీరు చూడటానికి ముఖం లేకుండా మెడ నుంచి కిందికి తీస్తే చాలదా? అడగండి. ముఖం గుర్తుపట్టేలా ఉన్న ఫొటో జర్నల్‌లో వేయాలంటే మళ్లీ సమ్మతి తీసుకోవాలి. వీడియో తీసేవాళ్లు తమ సొంత ఫోన్‌లో తీస్తుంటే మాత్రం, ఆ వీడియో ఎక్కడ దాస్తారో, ఎవరెవరు చూస్తారో తేల్చుకున్నాకే నడవమనండి.