బ్యాంకాక్ వెళ్లండి... ఎఫ్‌డీ జోలికి మాత్రం వెళ్లొద్దు

ప్రశ్న: మాది గుంటూరు. మా ఇద్దరి జీతాలు కలిపి నెలకు రూ.75 వేలు. ఖర్చులు పోను రూ.15 వేల దాకా మిగులుతాయి. ఈ ఏప్రిల్‌లో ఇద్దరు పిల్లలతో అయిదు రోజులు బ్యాంకాక్ వెళ్లాలని ఉంది. రూ.1.80 లక్షలు అవుతుందంటున్నారు. చేతిలో రూ.30 వేలు ఉన్నాయి. మిగతా దానికి రూ.2 లక్షల ఎఫ్‌డీ తీసేయమంటారా, పర్సనల్ లోన్ తీసుకోమంటారా?

జవాబు: రెండూ వద్దంటాను. మీరు రాసినదాన్ని బట్టి ఆ ఎఫ్‌డీ తప్ప మీకు వేరే అత్యవసర నిధి లేదు. మీ ఆదాయానికి అది మూడు నెలల ఖర్చుకు సరిపోతుంది, అంతే. తిరిగొచ్చిన నెలలోనే ఒకరి ఉద్యోగానికి ఇబ్బంది వస్తే ఏం చేస్తారు?

ఇక లోన్. రూ.1.50 లక్షలు 14 శాతం వడ్డీకి రెండేళ్లకు తీసుకుంటే ఈఎంఐ దాదాపు రూ.7,200. వడ్డీయే రూ.23 వేలు దాకా కడతారు, ప్రాసెసింగ్ ఫీజు అదనం. ఆ వడ్డీ ఎంతో పోల్చి చూడండి: బ్యాంకాక్‌లో రాజభవనమైన గ్రాండ్ ప్యాలెస్ టికెట్ 500 బాత్‌లు (బాత్ అంటే థాయ్‌లాండ్ కరెన్సీ), వాట్ ఫో గుడికి 300, వాట్ అరుణ్ గుడికి 200. నలుగురూ మూడూ చూసినా 4,000 బాత్‌లే, మన డబ్బులో సుమారు రూ.12 వేలు. అంటే దానికి దాదాపు రెట్టింపు వడ్డీకే పోతుంది.

ప్రయాణాన్ని సంక్రాంతి సెలవులకు మార్చుకోండి. మిగిలే రూ.15 వేలను ఈ నెల నుంచే ఆర్‌డీలో వేస్తే పది నెలల్లో రూ.1.50 లక్షలు, పైన కాస్త వడ్డీ. చేతిలో ఉన్న రూ.30 వేలు కలిస్తే సరిపోతుంది. ఎలాగూ ఏప్రిల్‌లో అక్కడి ఎండ గుంటూరు ఎండకు ఏమాత్రం తీసిపోదు. జనవరిలో హాయిగా ఉంటుంది కానీ రద్దీ ఎక్కువ. అందుకే హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లే విమానాలకు నాలుగైదు నెలల ముందే టికెట్లు చూసుకోండి.

టూర్ ప్యాకేజీ తీసుకుంటే టీసీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేస్తారు. ఆ డబ్బు పోదు, రిటర్ను వేసినప్పుడు సర్దుబాటవుతుంది. మీ ఇద్దరిలో రిటర్ను వేసేవారి పాన్ ఇవ్వండి.

డబ్బు ఎక్కువగా కారిపోయేది మాత్రం బాత్‌లుగా మార్చుకునే చోట. కిందటిసారి నేను వెళ్లినప్పుడు ఒక దుకాణంలో కార్డు ఇస్తే, మెషీన్ మీద రెండు అంకెలు కనిపించాయి: ఒకటి బాత్‌లలో, ఒకటి రూపాయల్లో. ‘రూపాయలే కదా, లెక్క తెలుస్తుంది’ అని అదే నొక్కేశాను. గదికి వెళ్లి చూసుకుంటే మామూలు రేటు కన్నా బాగా ఎక్కువ పడింది. మీరు ఎప్పుడూ బాత్‌లనే ఎంచుకోండి. ఏటీఎంలోనూ అంతే, ‘కన్వర్షన్ వద్దు’ అనే నొక్కాలి. అక్కడి ఏటీఎంలు మన కార్డుకు ప్రతిసారీ 200 బాత్‌లకు పైనే ఫీజు తీసుకుంటాయి కాబట్టి వెయ్యి, రెండు వేలు చొప్పున పదిసార్లు తీయకండి. మామూలు క్రెడిట్ కార్డులకు విదేశీ మారకం ఛార్జీ 3.5 శాతం దాకా ఉంటుంది, దాని మీద జీఎస్టీ. ముందే బాత్‌లు నింపిన ఫారెక్స్ కార్డు, కొంత నగదు ఉంటే టెన్షన్ ఉండదు.

సువర్ణభూమి ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి రైలు 45 బాత్‌లే. చావో ఫ్రయా నదిలో టూరిస్టు బోటు కాకుండా నారింజ జెండా ఉన్న మామూలు బోటు ఎక్కితే టికెట్ ఇరవై బాత్‌ల లోపే. గ్రాండ్ ప్యాలెస్ దగ్గర ఎవరైనా ‘ఈ రోజు మూసేశారు, వేరే చోటు చూపిస్తా’ అంటూ టుక్‌టుక్ ఎక్కించబోతే ఎక్కకండి. అది రత్నాల దుకాణానికి తీసుకెళ్లే మోసం. నేరుగా గేటుకే వెళ్లండి. లోపల ఎమరాల్డ్ బుద్ధుడి గుడి చుట్టూ ఉన్న గోడల మీద రామాయణాన్ని 178 చిత్రాల్లో గీశారు. పిల్లలు హనుమంతుణ్ణి ఇట్టే గుర్తుపడతారు, ఆ పూటను హడావిడిగా ముగించకండి.

ప్రయాణానికి ముందు ఆన్‌లైన్‌లో నింపాల్సిన థాయ్‌లాండ్ డిజిటల్ అరైవల్ కార్డు ఉచితం. డబ్బులడిగే వెబ్‌సైటు కనిపిస్తే అది అసలుది కాదు. మిగిలిన నోట్లను మార్చుకోవచ్చు కానీ, నాణేలను ఇక్కడ ఎవరూ తీసుకోరు. వాటిని విమానం ఎక్కేలోపే పిల్లల చేతికిచ్చి ఏదైనా కొనుక్కోమనండి.