మేధో వైకల్యం ఉన్నవారికి పెద్దయ్యాక నలుగురితో మాట్లాడే తీరు నేర్పవచ్చా?

మీ చెల్లెలికి 26 ఏళ్లనీ, మధ్యస్థాయి మేధో వైకల్యం ఉందనీ, ఇంటికి ఎవరు వచ్చినా ఒకే ప్రశ్న పదేపదే అడుగుతుందనీ, తనను ఏమడిగినా "ఊఁ" అంటుందనీ, ముఖపరిచయం లేనివారిని కూడా కౌగిలించుకుంటుందనీ రాశారు. ఈ వయసులో ఇక నేర్పడానికేమీ మిగలదని ఒక నిపుణుడు చెప్పారట. ఆ మాటను నేను ఒప్పుకోలేను. మా అన్నయ్యకు డౌన్ సిండ్రోమ్ ఉంది, అంటే పుట్టుకతోనే క్రోమోజోముల్లో ఉండే తేడా వల్ల వచ్చే స్థితి. తన మాటతీరు మీద మేము పట్టుదలగా పని మొదలుపెట్టేనాటికి తనకు 31 ఏళ్లు, ఇప్పుడు 43. తెలివితేటల పరీక్షలో వచ్చే అంకె ఈ 12 ఏళ్లలో మారి ఉంటుందని నేను అనుకోను. కానీ ఆ అంకె వేరు, మనుషుల మధ్య మసలుకునే నేర్పు వేరు. రెండోది పెద్దయ్యాక కూడా పెరుగుతుంది. మాటకు తోడుగా చేతి సంజ్ఞలు వాడే మాకటన్ పద్ధతిని 1970వ దశకంలో బ్రిటన్‌లో రూపొందించినప్పుడు దాన్ని మొదట నేర్చుకున్నవారు పసిపిల్లలు కారు. వినికిడి లోపమూ మేధో వైకల్యమూ రెండూ ఉండి, ఆసుపత్రిలోనే జీవిస్తున్న పెద్దవారు.

అన్నిటికంటే ముందు ఆమె చెవులు పరీక్ష చేయించండి. అన్నయ్య పిలిస్తే పలకడం మానేసినప్పుడు, సగం మాటలకు నవ్వి ఊరుకున్నప్పుడు, మేమంతా అది మొండితనమనీ, తన వైకల్యంలో భాగమేననీ రెండేళ్లపాటు సరిపెట్టుకున్నాం. తీరా చూస్తే రెండు చెవుల్లోనూ గట్టిపడిన గులిమి ఉంది. అది తీశాక ఒక చెవిలో వినికిడి లోపం కూడా బయటపడింది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి చెవి నాళం సన్నగా ఉండటం వల్ల గులిమి తరచుగా పేరుకుంటుంది, వినికిడి లోపం కూడా వారిలో ఎక్కువే. మీ చెల్లెలి వైకల్యానికి కారణం మరొకటి అయినా పరీక్ష మాత్రం మానకండి, ఎందుకంటే ఇలాంటి మనిషిలో కనిపించే ప్రతి మార్పునూ వైకల్యం ఖాతాలో వేసేయడం ఇంటివాళ్లే కాదు, వైద్యులు కూడా చేసే పొరపాటు.

మీరు రాసిన మూడింటిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ "ఊఁ". మిగతా రెండూ అందరి కంటా పడతాయి, ఇది పడదు. అడిగింది అర్థం కానప్పుడు అవునని తల ఊపే ధోరణి మేధో వైకల్యం ఉన్నవారిలో బలంగా ఉంటుందని సిగెల్‌మన్ అనే పరిశోధకురాలు, ఆమె సహపరిశోధకులు 1981లోనే ప్రచురించారు. దీన్ని అమాయకత్వం అనడం నాకు నచ్చదు. అర్థం కాలేదని చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు విసుక్కోవడమో నవ్వడమో చిన్నప్పటినుంచి చూస్తూ వచ్చిన మనిషి, "అవును" అంటే ఆ ఇబ్బంది అక్కడితో ముగుస్తుందని నేర్చుకుంటాడు. ఒకసారి వైద్యుడు "కడుపునొప్పి తగ్గిందా?" అని అడిగితే అన్నయ్య తగ్గిందన్నాడు; నాకు అనుమానం వచ్చి "ఎక్కువైందా?" అంటే ఎక్కువైందన్నాడు. అప్పటినుంచి ముఖ్యమైన విషయాన్ని మేము రెండు వైపుల నుంచీ అడుగుతాం. "ఇదా, అదా" అంటే చివర విన్నదాన్నే చెప్పేవాడు కాబట్టి వరుస మార్చి మళ్లీ అడుగుతాం, లేదా రెండు బొమ్మలు ముందుపెట్టి వేలితో చూపించమంటాం.

అది మేము మార్చుకోవలసిన పద్ధతి. అన్నయ్య నేర్చుకోవలసింది "అర్థం కాలేదు, మళ్లీ చెప్పు" అనే ఒక్క మాట. ఇన్నేళ్ల తర్వాత ఆలోచిస్తే, నేర్పిన వాటన్నిటిలోకీ తనకు నిజంగా అక్కరకు వచ్చింది ఇదే అనిపిస్తుంది. దీనికి ఒక స్పీచ్ థెరపిస్ట్ ఇలా చేయమన్నారు. బల్లమీద మూడు పుస్తకాలు పెట్టి, "ఆ పుస్తకం ఇలా ఇవ్వు" అని కావాలనే అసంపూర్తిగా చెప్పాలి. ఏదో ఒకటి తీసి ఇస్తే తప్పనీ ఒప్పనీ అనకూడదు, పక్కన కూర్చున్న మరొకరు "ఏ పుస్తకం?" అని అడగాలి, అప్పుడు మనం "ఎర్ర అట్ట ఉన్నది" అని సరిగ్గా చెప్పాలి. మూడు వారాలపాటు ఏ మార్పూ కనిపించలేదు. నాలుగో వారంలో ఒక రోజు అన్నయ్య ఒక పుస్తకం మీద చేయి వేసి, తీయకుండా నా ముఖంలోకి చూశాడు. ఆ చూపే ప్రశ్న అని గుర్తించి వెంటనే జవాబు చెప్పాం. మాట రావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. ఆ తర్వాత రోజువారీ పనుల్లోనే గొణిగినట్టు చెప్పడం, ఒకేసారి నాలుగు పనులు పురమాయించడం, తనకు తెలియని మాట వాడటం మొదలుపెట్టాం. వినబడకపోతే "గట్టిగా చెప్పు" అనాలి, పనులు ఎక్కువైతే "ఒక్కొక్కటి చెప్పు" అనాలి. వీటిని విడివిడిగానే సాధన చేయించాలి. ఇంట్లో బాగా వచ్చింది కదా అని పనిచేసే చోట కూడా వస్తుందనుకుంటే నిరాశపడతారు. అక్కడ తన పక్కన కూర్చునే సహోద్యోగితో ఇదంతా మళ్లీ మొదటినుంచి చేయించవలసి వచ్చింది. ఇంకొక విషయం, ఆమె "మళ్లీ చెప్పు" అన్నప్పుడు ఎంత అలసిపోయి ఉన్నా విసుక్కోకండి. నేను ఒక సాయంత్రం విసుక్కున్నాను, దాదాపు నెలరోజులు అన్నయ్య నన్ను ఏమీ అడగలేదు.

దీనికి ముందు మేము చేసిన తప్పు కూడా చెప్పాలి. పలకరింపులు బట్టీ పట్టించాం. "బాగున్నారా? మీ పేరేమిటి? ఎక్కడ ఉంటారు?" అన్నవి మూడూ ఒకే ఊపులో చెప్పగలిగిన రోజున మేము ఎంతో సంతోషించాం. మరుసటి రోజు అన్నయ్య, పదేళ్లుగా ఎరిగిన పొరుగింటాయనను నిలబెట్టి, పేరుతో సహా మూడు ప్రశ్నలూ అడిగాడు, జవాబు వినకుండానే వెళ్లిపోయాడు. వాక్యాలు నేర్పాం కానీ వంతులవారీగా మాట్లాడటం నేర్పలేదు.

ఒకే ప్రశ్న మళ్లీమళ్లీ అడగడాన్ని నేరుగా మాన్పించాలని చూడకండి. అన్నయ్య "రేపు ఎవరు వస్తారు?" అని రోజుకు ముప్పైసార్లు అడిగేవాడు. గోడమీద పలక పెట్టి, మర్నాడు వచ్చేవారి ఫొటోలు అంటించడం మొదలుపెట్టాక ఆందోళన వల్ల అడిగేది చాలావరకు తగ్గింది. మిగిలినదానికి కారణం వేరు. మాట కలపడానికి తనకు తెలిసిన దారి అదొక్కటే. అందుకని ఫోన్‌లో ఆ వారం ఫొటోలు ఉంచి, ఎవరైనా వస్తే ఒకటి చూపించడం అలవాటు చేశాం. ఫొటో ఎదురుగా ఉంటే అన్నయ్య విషయం వదలకుండా నాలుగైదు వంతులు మాట్లాడగలడు, వచ్చినవారికీ ఏమి అడగాలో తెలుస్తుంది.

కౌగిలింత విషయంలో తప్పు చాలావరకు పెద్దలదే. పదేళ్ల వయసులో ముద్దుగా ఉందని మెచ్చుకున్నవారే ముప్పై ఏళ్లకు ముఖం చిట్లిస్తారు. కాగితం మీద ఒకదాని చుట్టూ ఒకటి మూడు వలయాలు గీసి, లోపలిదాంట్లో కౌగిలించుకోదగిన ఇంటివాళ్ల ఫొటోలు, రెండోదాంట్లో చేయి కలపదగిన తెలిసినవాళ్లు, బయట చేయి ఊపితే చాలిన కొత్తవాళ్లు వచ్చేలా ఆమెతోనే అంటింపజేయండి. ఇంటికి వచ్చేవారందరూ దీన్ని పాటించాలి. ఒక్కరు మినహాయింపు అడిగినా నియమం నిలవదు. తనకు ఇష్టం లేని స్పర్శను "వద్దు" అనే హక్కు ఆమెకూ ఉందని అదే కాగితంతో నేర్పవచ్చు.

ఇక నా తప్పు. అన్నయ్యను ఎవరు ఏమడిగినా జవాబు నేనే చెప్పేదాన్ని. ప్రశ్న తర్వాత మనసులో పది అంకెలు లెక్కపెట్టమని థెరపిస్ట్ చెప్పారు. ఆ నిశ్శబ్దం మొదట్లో భరించలేనంత పొడుగ్గా అనిపించింది, కానీ ఏడు, ఎనిమిది దగ్గర జవాబు వచ్చేది. నేను లేనిచోట కోసం తన తరఫున "నేను" అంటూ రాసిన చిన్న పుస్తకం తన సంచిలో ఉంటుంది: చిన్న వాక్యాల్లో చెప్పండి, తల ఊపితే అర్థమైందని అనుకోకండి, నా ఎడమవైపు నిలబడి మాట్లాడండి. బొమ్మలు, సంజ్ఞలు వాడితే ఉన్న మాట కూడా పోతుందని మా అమ్మ భయపడేది. అలా జరగలేదు, జరగదనే పరిశోధనలు కూడా చెబుతున్నాయి.

అన్నీ సాధించామని చెప్పను. వెటకారం తనకు ఇప్పటికీ అర్థం కాదు, నలుగురు ఒకేసారి మాట్లాడితే లేచి వెళ్లిపోతాడు. అలా వెళ్లనిస్తాం. అయితే వచ్చిన నైపుణ్యం పోతున్నట్టు కనిపిస్తే మాత్రం వెంటనే పట్టించుకోండి. వినికిడి, థైరాయిడ్, కుంగుబాటు ఏవైనా కారణం కావచ్చు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి, జ్ఞాపకశక్తి క్రమంగా క్షీణించే అల్జీమర్స్ జబ్బు కూడా ఇతరులకంటే చాలా ముందుగా రావచ్చు. అందుకే 35వ ఏటినుంచి ప్రతి ఏడాదీ అన్నయ్య మాట్లాడుతుండగా పది నిమిషాల వీడియో తీసి దాచుతున్నాం. నిరుడు మాట తగ్గిందనిపించి వాటిని వైద్యుడికి చూపించాం. థైరాయిడ్ లోపమని తేలింది, మందు మొదలుపెట్టిన కొన్ని నెలలకు అన్నయ్య మళ్లీ ఫోన్ తీసి వచ్చినవారికి ఫొటోలు చూపిస్తున్నాడు.