పట్టాలు తప్పే బోగీ గురించి మేనల్లుడికి లేఖ

తిరుపతి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నీ ఆరు యాక్సిళ్ల (ఇరుసుల) నమూనా డీజిల్ ఇంజన్ ఎడమ వంపులోకి తిరిగేటప్పుడు ముందు బోగీ, అంటే ఇంజన్ కింద చక్రాలను పట్టి ఉంచి తిరిగే చట్రం, పట్టాలు తప్పుతున్నదని, బోగీ పైభాగంలో సీసం ముక్కలు అతికించాలా, చక్రాల ఫ్లేంజీలను (పట్టా లోపలి పక్కకు దిగే అంచులను) ఆకురాయితో సరిచేయాలా అని ఆలోచిస్తున్నావని రాశావు. ప్రస్తుతానికి ఆ రెండు పనులూ చేయవద్దు. ఫ్లేంజీని ఒకసారి రాస్తే పోయిన లోహం తిరిగి రాదు. బరువు పెంచితే లోపం కొన్నాళ్లు దాగుతుందే తప్ప పోదు, పైగా మోటారుకూ గేర్లకూ అదనపు భారం అవుతుంది. పట్టాలు తప్పే బోగీల్లో ఎక్కువ వాటికి బరువు చాలకపోవడం కాదు, స్వేచ్ఛగా తిరగలేకపోవడమే కారణమని నా అభిప్రాయం. తిరుపతి క్యారేజ్ రిపేర్ షాపులో పెద్ద బోగీల మధ్య పనిచేసినప్పుడు ఏర్పడిన ఈ అభిప్రాయాన్ని బల్ల మీద తిరిగే చిన్న ఇంజన్లు కూడా మార్చలేదు.

నిజమైన రైలు పట్టాలు తప్పినప్పుడు విచారణకు వెళ్లినవారు పెట్టెలు పడిపోయిన చోట ఆగిపోరు. చక్రం ఫ్లేంజి మొదట ఏ చోట పట్టా తల మీదికి ఎక్కింది, అక్కడి నుంచి ఎంత దూరం తల మీదనే నడిచింది, చివరకు ఎక్కడ కిందికి దిగింది అని గుర్తులు వెదికి, ఎక్కిన చోటి నుంచి వెనక్కి కొలతలు తీసుకుంటారు. నీవు కూడా ముందు ఆ పని చెయ్యి. ఇంజన్‌ను అతి తక్కువ వేగంతో నడుపుతూ, సెల్‌ఫోన్‌ను పట్టాల ఎత్తులో ఉంచి స్లోమోషన్‌లో వీడియో తీసుకుంటే ఏ యాక్సిల్ మీది ఏ చక్రం ముందుగా లేస్తున్నదో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ చోట స్లీపరు మీద పెన్సిలుతో గుర్తు పెట్టు. తరువాత ఇంజన్‌ను ముందువెనుకలుగా తిప్పి పెట్టి, అదే దిశలో, అదే వంపులో నడుపు. ఇప్పుడు ముందుకు వచ్చిన రెండో బోగీ కూడా ఆ గుర్తు దగ్గరే తప్పితే దోషం దారిదని అనుకోవచ్చు. రెండో బోగీ సాఫీగా దాటిపోయి, మొదటి బోగీ మాత్రం ఎక్కడికి వెళ్లినా ఇబ్బంది పెడితే దోషం ఆ బోగీదే. ఈ పరీక్ష చేయకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు.

పక్కకు తోసే బలం, ఆ చక్రం మీద కిందికి నొక్కే బరువుతో పోల్చినప్పుడు హద్దు మీరితే ఫ్లేంజి పట్టా ఎక్కుతుంది. బిగుసుకున్న బోగీ ఈ రెండు వైపులా నష్టం చేస్తుంది. వంపులో తిరగడానికి మొరాయించి ముందు చక్రాన్ని బయటి పట్టాకు అదిమిపెడుతుంది. పట్టాల ఎత్తులో చిన్న తేడా వచ్చినప్పుడు దానికి తగినట్టు వాలలేక ఒక చక్రాన్ని గాలిలో వదిలేస్తుంది. మన ఐసీఎఫ్ (చెన్నై ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) పెట్టెల్లో బరువంతా బోగీకి రెండు పక్కలా ఉండే సైడ్ బేరర్ల మీద నిలుస్తుంది, బోగీ తిరిగే మధ్య కీలైన పివట్ మీద ఉండదు. ఆ సైడ్ బేరర్లలో నూనె ఎండిపోతే బోగీ తిరగడం కష్టమవుతుంది కనుక షాపులో వాటి మీద అంత శ్రద్ధ పెట్టేవాళ్లం. నీ ఇంజన్‌లో నూనె తొట్టెలు లేవు గాని, బోగీని పట్టి ఉంచే వస్తువులు ఇంకా ఎక్కువే ఉన్నాయి.

వాటిని కనిపెట్టడానికి సులువైన మార్గం ఇంజన్ పై డొప్పను తీసేసి, చాసిస్‌ను (కింది చట్రాన్ని) మాత్రమే అదే వంపులో నడపడం. డొప్ప లేనప్పుడు బోగీ తప్పకపోతే ఏదో ఒకటి డొప్పకు తగులుతున్నదన్నమాట. బోగీ పక్కచట్రం మీది మెట్లు, బ్రేకు సిలిండర్ల నమూనాలు, ముందున్న పశువులను తోసే రేకు, కప్లర్ (పెట్టెలను కలిపే కొక్కెం) అమర్చిన పెట్టె, వీటిలో ఏదో ఒకటి అపరాధి అవుతుంది. రాపిడి జరిగిన చోట రంగు గీసుకుపోయి మెరుస్తూ కనిపిస్తుంది కాబట్టి అక్కడ మాత్రమే కొద్దికొద్దిగా సన్నని ఆకురాయితో తగ్గించు. డొప్ప తీసినా బోగీ తప్పుతుంటే వైర్ల వైపు చూడు. డీకోడర్ (ఇంజన్‌కు వచ్చే ఆదేశాలను అందుకునే చిన్న సర్క్యూట్ బోర్డు) బిగించేటప్పుడు చాలామంది చేతికందిన మందపాటి వైరును బోగీ నుంచి బోర్డు దాకా బిర్రుగా లాగి సోల్డరింగ్ చేస్తారు. ఆ వైరు స్ప్రింగులా పనిచేస్తూ బోగీని ఎప్పుడూ ఒకే పక్కకు నెడుతుంది. నీ ఇంజన్ ఎడమ వంపులోనే తప్పుతూ, కుడి వంపులో బుద్ధిగా నడుస్తున్నదని రాశావు కదా, అందుకే నా మొదటి అనుమానం ఈ వైర్ల మీదనే. వాటి స్థానంలో సన్నని పోగుల మెత్తని వైరు పెట్టి, బోగీ తిరిగే కేంద్రానికి వీలైనంత దగ్గరగా పైకి తీసుకువెళ్లి, కొంత వదులుగా వంచి ఉంచు. డొప్ప మూసినప్పుడు ఆ వంపు నలిగిపోకుండా కూడా చూసుకో.

మోటారు నుంచి బోగీకి శక్తినిచ్చే చిన్న షాఫ్టును కూడా గమనించు. దాని కీలు చివర్లు ముందుకు వెనుకకు కొంచెం జరగాలి. షాఫ్టు అవసరమైనదానికంటే పొడవుగా ఉన్నా, కీలు ఎండిపోయినా, బోగీ తిరిగినప్పుడు అది అడ్డుపడుతుంది. ప్లాస్టిక్‌కు హాని చేయని నూనె ఒక్క చుక్క చాలు. వర్మ్ గేరు (మర ఆకారపు గేరు) ఉన్న బోగీలో చక్రాలను చేత్తో తిప్పితే తిరగవు. అది లోపం కాదు, బలవంతం చేయకు.

ఇప్పుడు బోగీ కదలికలను చేత్తో పరీక్షించు. చాసిస్‌ను ఒక చేత పట్టుకుని, రెండో చేతి వేలితో బోగీని ఎడమకూ కుడికీ తిప్పు, తరువాత ముందు అంచును కొంచెం పైకెత్తి వదులు, తరువాత పక్కకు వాల్చు. బోగీని వదిలిన ప్రతిసారీ అది తన బరువుతోనే తిరిగి రావాలి. అయితే రెండు బోగీలకూ అన్ని కదలికలూ ఒకే విధంగా ఇవ్వడం కూడా తప్పే, ఎందుకంటే అప్పుడు ఇంజన్ శరీరం అటూ ఇటూ ఊగిపోతుంది. ఒక బోగీ పక్కకు వాలకుండా శరీరాన్ని నిలబెట్టాలి, రెండోది మూడు వైపులా స్వేచ్ఛగా ఉండి పట్టా ఎటు వాలితే అటు వాలాలి. మూడు కాళ్ల ముక్కాలి పీట మిట్టపల్లాల మీద కూడా కదలకుండా నిలిచినట్టే, ఇంజన్ ఇలా మూడు చోట్ల మాత్రమే ఆనితే అన్ని చక్రాలూ పట్టాను వదలవు. ఇంట్లో మరమ్మతు చేసేవారు బోగీ పై మూతను మరీ గట్టిగా నొక్కి బిగించి, ఈ ఏర్పాటును తెలియకుండానే పాడుచేస్తుంటారు.

తరువాత ఇంజన్‌ను ఒక మందపాటి అద్దం పలక మీద నిలబెట్టి, ప్రతి చక్రం కింద పలుచని కాగితం ముక్కను దూర్చి చూడు. కాగితం సులువుగా జారిపోయే చక్రం గాలిలో ఉన్నట్టు లెక్క. మూడు యాక్సిళ్ల బోగీలో మధ్య యాక్సిల్ రవ్వంత కిందికి ఉంటే బోగీ ముందుకూ వెనక్కూ ఊగి, ముందు చక్రం మీది బరువు తగ్గిపోతుంది. ఆ మధ్య యాక్సిల్‌కు పక్కకు కొంచెం జరిగే వీలు ఉండాలి కూడా, లేకపోతే వంపులో మూడు చక్రాలూ ఒకే గీతలో నిలవలేక ముందుదాన్ని బయటికి తోస్తాయి. బోగీని విప్పే ముందు ఏ అంచు ముందుదో గుర్తు పెట్టుకోవడం మరవవద్దు. డబ్ల్యూడీఎం-2 వంటి డీజిల్ ఇంజన్ల బోగీల్లో యాక్సిళ్ల మధ్య దూరాలు సమానంగా ఉండవు, తారుమారుగా బిగిస్తే పక్కచట్రం సరిగా కూర్చోదు.

చక్రాల గేజ్ విషయం కొంచెం వివరంగా చెప్పాలి. పెద్ద బండికి చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం 1600 మిల్లీమీటర్లు. దీనిని 87తో భాగించి నీ హెచ్‌ఓ (1:87 నిష్పత్తి నమూనా) ఇంజన్‌కు వాడవద్దు. మన బ్రాడ్‌గేజ్‌లో రెండు పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు కాగా, హెచ్‌ఓ పట్టా 1435 మిల్లీమీటర్ల గేజ్ ప్రకారం 16.5 మిల్లీమీటర్లు ఉంటుంది. నీ ఇంజన్‌కు లోపలి ముఖాల మధ్య దూరం సుమారు 14.4 నుంచి 14.5 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. వెర్నియర్ కాలిపర్‌తో ప్రతి యాక్సిల్‌కూ చక్రం తిప్పుతూ మూడు నాలుగు చోట్ల కొలువు. కొలత ప్రతిచోటా మారుతుంటే చక్రం వంకరగా కూర్చున్నదని తెలుస్తుంది. నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ వారి గేజ్ కొలిచే రేకు ఒకటి సంపాదించుకుంటే చక్రాలనూ పాయింట్లనూ (బండి దారి మార్చే పట్టాలను) దానితోనే చూసుకోవచ్చు. ఈ పనిముట్టు మీద పెట్టే ఖర్చును దుబారా అనుకోవద్దు.

ఈ ఇంజన్లలో ఎక్కువ వాటికి యాక్సిల్ రెండు ముక్కలుగా ఉండి, మధ్యలో ప్లాస్టిక్ గేరులో బిగిసి ఉంటుంది. దూరం తేడాగా ఉంటే చక్రాలను రెండు చేతులతో పట్టుకుని, మెలితిప్పుతూ కొద్దికొద్దిగా లాగు లేదా నొక్కు. సుత్తి వాడవద్దు. గేరు సరిగ్గా మధ్యలో ఉండాలి, ఒక పక్కకు జరిగితే బోగీలో రాసుకుంటుంది. చక్రాలు మరీ సులువుగా జరిగిపోతుంటే ఆ గేరుకు సన్నని పగులు వచ్చిందేమో భూతద్దంతో చూడు. పగిలిన గేరు యాక్సిల్‌ను పట్టలేక గేజ్‌ను నడకలోనే మార్చేస్తుంది, పగులు ఉన్నచోట పళ్ల మధ్య ఎడం పెరిగి చక్రం తిరిగిన ప్రతిసారీ టక్కుమని శబ్దం వస్తుంది. జిగురుతో అతికించి నెట్టుకురావాలని చూడకు, గేరు మార్చడమే దారి.

ఇక పట్టాల సంగతి. నీవు పాకాల జంక్షన్ నమూనాలో తిరుపతి, కాట్పాడి, ధర్మవరం దారులు మూడూ చూపించాలనుకుంటున్నావు కనుక పాయింట్లు ఎక్కువగానే ఉంటాయి. పెన్సిల్ గుర్తు దగ్గర జాయింటు మీద గోరు నడిపి చూస్తే, కంటికి కనిపించని మెట్టు వేలికి తెలుస్తుంది. పాయింటు కదిలే పట్టా మొన పక్క పట్టాకు పూర్తిగా అంటుకోకపోతే ఫ్లేంజి ఆ సందులోకి దూరుతుంది. మీ మేడ మీది గదికి ఎండాకాలం వేడి, కార్తీకంలో వానల తేమ రెండూ తగులుతాయి. ఒక మీటరు పట్టా 20 డిగ్రీల తేడాకు సుమారు మూడోవంతు మిల్లీమీటరు పెరుగుతుంది, బల్ల చెక్క మాత్రం తేమకు అంతకంటే ఎక్కువగా కదులుతుంది. అందుకే జాయింట్లలో కొంచెం సందు వదిలి, చెక్క అంచులకు కూడా రంగు వేయించు. ఆరు యాక్సిళ్ల ఇంజన్‌కు 18 అంగుళాల వ్యాసార్థపు వంపు ఇరుకు, 22 అంగుళాలకు తగ్గకుండా వేయి. ఎడమ వంపు నుంచి వెంటనే కుడి వంపులోకి మలిపితే ఏ బోగీ అయినా తడబడుతుంది, వాటి మధ్య అతి పొడవైన పెట్టె అంత తిన్నని దారి ఉండాలి.

కప్లర్ కింద, అయస్కాంతంతో విడదీయడానికి వేలాడే వంపు తీగ పాయింట్లకు తగులుతున్నదేమో ఒక్కసారి చూడు. ఇంజన్ ఒంటరిగా సాఫీగా నడిచి, పెట్టెలు తగిలించినప్పుడే తప్పితే ఆ తీగనూ కప్లర్ ఎత్తునూ అనుమానించాలి.

ఇవన్నీ సరిచూసిన తర్వాత కూడా ముందు చక్రం లేస్తుంటే అప్పుడు బరువు సంగతి చూద్దాం. రెండు బోగీల మీద బరువు సమంగా పడేలా చాసిస్ మధ్యలో పెట్టు, ఒక్క బోగీ నెత్తిన మాత్రం పెట్టకు. డొప్ప తిరిగి బిగించిన తర్వాత ముందుకూ వెనక్కూ, రెండు వంపుల్లోనూ, మొదట ఒంటరిగా, తరువాత పెట్టెలతో నడిపి చూడు. గేరు పగిలినట్టు తేలితే ఆ బోగీని విప్పకుండా చిన్న డబ్బాలో పెట్టుకుని తిరుపతికి తీసుకురా, కొలతలు తీసి సరిపోయే గేరు తెప్పిద్దాం. వచ్చేటప్పుడు ఆ స్లోమోషన్ వీడియో కూడా ఫోన్‌లో ఉంచుకో.

ఇట్లు,
నీ మామయ్య