పద్దెనిమిది నిండితే హోమ్‌కి మనతో సంబంధం తెగిపోయినట్టేనా?

ప్రశ్న: నా వయసు 19. చిన్నప్పటి నుంచి చిత్తూరులో ఒక బాలల హోమ్‌లో పెరిగాను. పోయిన ఏడాది 18 నిండగానే పదో తరగతి మెమో, టీసీ చేతికిచ్చి పంపేశారు. ఇప్పుడు తిరుపతి బస్టాండు దగ్గర టిఫిన్ సెంటర్‌లో పని చేస్తూ, రాత్రిళ్లు అక్కడే బల్లల మీద పడుకుంటున్నాను. మా హోమ్ నుంచే వచ్చిన స్నేహితుడొకడు, ఇల్లొదిలి వచ్చిన 17 ఏళ్ల పిల్లాడొకడు నాతోనే ఉన్నారు. రూము అడిగితే అమ్మానాన్నల్ని పిలుచుకుని రమ్మంటున్నారు. నాకు ఐటీఐ చదవాలని ఉంది. హోమ్‌కి ఫోన్ చేస్తే, ‘నీకు 18 దాటాయి, ఇక మాకు సంబంధం లేదు’ అన్నారు. చట్టంలో నాకేమైనా దారి ఉందా సార్?

జవాబు: ఉంది. హోమ్ వాళ్లు చెప్పింది సగమే నిజం. హోమ్‌లో ఉండే వయసు 18తో అయిపోతుంది కానీ, ప్రభుత్వం ఆదుకోవాల్సిన వయసు అక్కడితో అయిపోదు. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో ‘ఆఫ్టర్ కేర్’ అని ఒక ఏర్పాటు ఉంది. హోమ్ విడిచి వెళ్లి, 18 నిండి 21 ఇంకా నిండనివాళ్లు సొంత కాళ్ల మీద నిలబడేదాకా ఇచ్చే డబ్బు సాయం, ఇతర సాయం దాని కిందికి వస్తాయి. ‘బయటికొచ్చి ఏడాదైంది కదా, ఇప్పుడెందుకొచ్చావ్’ అని ఆఫీసులో ఎవరైనా అంటే బెదిరిపోకండి. ఇది బయటికొచ్చిన వాళ్ల కోసం పెట్టిందే. ప్రత్యేక పరిస్థితుల్లో 21 తర్వాత ఇంకో రెండేళ్లు కూడా పొడిగించవచ్చని 2016 నాటి కేంద్ర నమూనా నియమాల్లో ఉంది.

వయసు లెక్కకు ముందుగా చూసేది మీ పదో తరగతి మెమోలో ఉన్న పుట్టిన తేదీనే. హోమ్ పిల్లల మెమోల్లో జూన్ నెల తేదీలు ఎందుకు అన్ని ఉంటాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు, పుట్టిన రోజు తెలియక అలా రాసేస్తారు. అసలు తేదీ ఏదైనా, కాగితం మీద ఉన్నదాని ప్రకారమే మీకు 21 ఎప్పుడు నిండుతాయో చూసుకోండి.

ఇక సాయం ఎలా ఉంటుందంటే, ఆ 2016 నమూనా నియమాల్లో 25వది చదివితే సరిగ్గా మీ ఉత్తరం చూసి రాశారా అనిపిస్తుంది. ఆరు నుంచి ఎనిమిది మంది కలిసి కొంతకాలం ఉండేలా ఇల్లు, వృత్తి శిక్షణ సమయంలో స్టైపెండ్, పై చదువుకు స్కాలర్‌షిప్, ఉద్యోగం దొరికేదాకా అండ, మంచీ చెడూ మాట్లాడటానికి ఒక కౌన్సెలర్, సొంతంగా ఏదైనా పెట్టుకుంటానంటే రుణానికి సాయం. డబ్బు నేరుగా మీ బ్యాంకు ఖాతాలోనే వేయాలి. కేంద్రం 2022లో ఇచ్చిన మిషన్ వాత్సల్య మార్గదర్శకాల ప్రకారం ఆఫ్టర్ కేర్ కింద నెలకు 4,000 రూపాయలు. అది ఠంచనుగా ఒకటో తేదీకి పడుతుందని లెక్కేసుకుని అప్పు మాత్రం చేయకండి. పనిలో ఉన్నంత మాత్రాన అర్హత పోతుందని చట్టంలో ఎక్కడా లేదు కాబట్టి, టిఫిన్ సెంటర్ పని దాచిపెట్టాల్సిన అవసరమూ లేదు.

అయితే చట్టంలోని 46వ సెక్షన్ ఈ డబ్బు సాయం ‘ఇవ్వవచ్చు’ అంటుంది, ‘ఇచ్చి తీరాలి’ అనదు. అందుకే తిన్నగా కోర్టుకెక్కితే ఫలితం ఉంటుందని నేను చెప్పను. కానీ హోమ్ నుంచి పంపడానికి రెండు నెలల ముందే మీరు ఎక్కడ ఉంటారు, ఏం చదువుతారు అని ఒక ప్రణాళిక రాసి బాలల సంక్షేమ కమిటీ (రక్షణ అవసరమైన పిల్లల విషయాలు తేల్చే జిల్లా కమిటీ) ముందు పెట్టాలని నియమాల్లో ఉంది. మీ విషయంలో ఆ ప్రణాళిక ఉందా? ఉంటే ఏమైంది? మీ అర్జీకి బలం ఈ ప్రశ్నలోనే ఉంది.

అర్జీ పొడుగ్గా అక్కర్లేదు. ‘ఫలానా హోమ్‌లో ఫలానా తేదీ వరకు ఉన్నాను. ఇప్పుడు నాకు ఇల్లు లేదు. ఆఫ్టర్ కేర్ కింద వసతి, ఐటీఐ చదువుకు సాయం, నెలవారీ డబ్బు ఇప్పించండి. నన్ను పంపే ముందు రాసిన ప్రణాళిక కాపీ ఇవ్వండి.’ ఇంతే. వసతి, డబ్బు విడివిడిగా అడగండి. గ్రూప్ ఇల్లు ఖాళీ లేదన్న సాకుతో రెండోది ఆగకూడదు. మీరుండేది తిరుపతి కాబట్టి ఇక్కడి జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఇవ్వండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ‘అది చిత్తూరు వాళ్లు చూడాలి’ అని తిప్పడం మామూలైంది, అందుకని చిత్తూరు కమిటీకీ ఒక కాపీ స్పీడ్ పోస్టులో పంపండి. ఇచ్చిన ప్రతి కాగితానికీ మీ కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోవడం మరవకండి. రికార్డులు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఉలుకూ పలుకూ లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి. కమిటీ పనితీరుపై ఫిర్యాదులు వినాల్సింది కలెక్టరే. ఆఫ్టర్ కేర్ కుదరదని కమిటీ ఉత్తర్వు ఇస్తే, 30 రోజుల్లోపు అప్పీలు కూడా ఆయన దగ్గరికే. అక్కడా కాకపోతేనే హైకోర్టులో రిట్. దేనికీ లాయర్ ఫీజు గురించి టెన్షన్ పడకండి. ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది, 15100కు ఫోన్ చేయండి.

రూము సంగతి. 18 నిండినవాళ్లు అద్దె ఒప్పందం మీద స్వయంగా సంతకం పెట్టవచ్చు, తల్లిదండ్రులు రావాలని చట్టంలో లేదు. కాకపోతే ఇవ్వనన్న ఓనర్‌ను బలవంతం చేయలేం.

మీ స్నేహితుడు తన పేరుతో వేరే అర్జీ పెట్టాలి, ఇద్దరిదీ ఒకే కాగితం మీద రాయకండి. 17 ఏళ్ల పిల్లాడి సంగతి మాత్రం వేరు. అతను ఏ హోమ్‌లోనూ లేడు కాబట్టి ఇప్పటికి ఆఫ్టర్ కేర్ రాదు. కానీ ఇంకా మైనర్, రక్షణ అవసరమైన బాలుడి కిందికే వస్తాడు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే 24 గంటల్లో కమిటీ ముందు హాజరుపరచాలి. మళ్లీ ఇంటికే పంపేస్తారని భయపడుతుంటే, ఇల్లెందుకు వదిలాడో కమిటీ ముందు దాచకుండా చెప్పమనండి, వాళ్లు విచారించాకే నిర్ణయిస్తారు. కమిటీ అతన్ని హోమ్‌లో చేర్చి, అక్కడే 18 నిండితే రేపు మీలాగే ఆఫ్టర్ కేర్ అడగవచ్చు. 18 దాటాక ఆ తలుపు మూసుకుపోతుంది, కాబట్టి మీ అర్జీ కంటే ముందు ఆ ఫోన్ చేయండి.