బస్తీల్లో ఫోన్ వాడకం మీద ప్రాజెక్ట్ చేయాలంటే సర్వే ఫారాలు సరిపోతాయా, అక్కడే ఉండి చూడాలా?

ఫారాలు పక్కన పెట్టేయండి, ఇదే నా జవాబు. నేను సోషియాలజీ చదవలేదు గానీ హైదరాబాద్ బోరబండలో మా బావ రీఛార్జ్ షాపులో చాలా ఏళ్ళు కూర్చున్నా. పది రూపాయల రీఛార్జులు, మెమరీ కార్డుల్లో పాటలెక్కించడం, స్పీకర్లు మార్చడం, అన్నీ చేశా. జియో రాకముందు, అంటే 2016కి ముందు సంగతి ఇది.

ఒక సాయంత్రం కాలేజీ అమ్మాయి ఒకామె ఫారాలు పట్టుకుని వచ్చింది. మా షాపు ముందు బల్ల మీద ఇళ్ళల్లో పనిచేసే అక్క ఒకావిడ కూర్చుని ఉంది. "అమ్మా, మీకు సొంత ఫోన్ ఉందా?" అనడిగితే "లేదు బిడ్డా" అంది, ఆ పిల్ల "లేదు" దగ్గర టిక్ పెట్టేసింది. అంతలోనే అక్క నడుం దగ్గర చిన్న సంచీలోంచి ఒక్క రింగు వచ్చి ఆగిపోయింది. "మేడం పిలుస్తుంది" అని లేచింది. "ఏందక్కా, ఫోన్ లేదంటివి?" అంటే "ఇది నాదెట్లయితది, మా పోరనిది. పగలు నా తాన ఉంటది, రాత్రి వాడు పాటలింటడు" అంది. ఒక్క రింగైతే పనికి రమ్మని, రెండైతే ఊళ్ళో లేం రావద్దని, అదీ వాళ్ళ లెక్క. ఆవిడకి చదువు రాదు, అందుకే ఆ బటన్ ఫోన్లో 2 నొక్కి పట్టుకుంటే కొడుకు, 3 అయితే మేడం, 4 అయితే ఊళ్ళో చెల్లెలు వచ్చేట్టు నేనే పెట్టిచ్చా. ఇవన్నీ ఏ ఫారంలో పడతాయి చెప్పండి?

ఇంకోటి, నెలకి రీఛార్జ్ ఎంత అంటే "ఏముంది, పది రూపాలు" అంది, అంతకంటే ఎక్కువ నా చేత్తోనే వేసేవాణ్ణి. తర్వాత అడిగితే, సర్కారోళ్ళేమో, తెల్ల రేషన్ కార్డు కట్ చేస్తరేమో అని భయమైందంట.

ఈ మిస్డ్ కాల్ లెక్కలు మన దగ్గరే కాదు, జొనాథన్ డోనర్ అనే పరిశోధకుడు రువాండాలో చూసి 2007లో పేపరే రాశాడు. మనకి దగ్గర్లో అయితే హఫీజ్‌పేట బస్తీ కుర్రాళ్ళ మీద నిమ్మి రంగస్వామి, ఎడ్వర్డ్ కట్రెల్ రాసిన 2012 పేపర్ చదవండి. పాటలు, వీడియోలు, ఫేస్‌బుక్ కోసమే ఆ పిల్లలు నెట్ వాడుతున్నా దాన్ని టైంపాస్ అని కొట్టిపారేయకూడదు, ఆ సరదాతోనే టెక్నాలజీ నేర్చుకుంటున్నారు అన్నారు. మా షాపుకొచ్చే పోరగాళ్ళూ అంతే, ఇంగ్లీష్ రాకపోయినా సెట్టింగులు నాకే నేర్పేవాళ్ళు. అపార్ట్‌మెంట్ అంకుల్స్ మాత్రం కూలోళ్ళకి స్మార్ట్‌ఫోన్లెందుకు అంటారు, వాళ్ళింట్లో పనమ్మాయి ఒక పూట ఫోన్ ఎత్తకపోతే గోల వాళ్ళదే!

అసలు మీరు రాయాల్సింది ఇప్పటి రీఛార్జుల గురించి. 2018 చివర్లో ఫోన్ కంపెనీలు మినిమం రీఛార్జ్ పెట్టాక ఊరికే ఇన్‌కమింగ్ కోసం సిమ్ ఉంచుకునే వాళ్ళ పని అయిపోయింది. నెల ప్లాన్ అంటూ ఎక్కువగా 28 రోజులే ఇస్తారు, అంటే ఏడాదికి 13 సార్లు కట్టాలి, జీతం మాత్రం 12 సార్లే వస్తుంది.

మీ గైడ్ ఒప్పుకోకపోతే ఫారాలూ నింపుకోండి, కానీ "మీకు ఫోన్ ఉందా" తీసేసి "పగలు ఫోన్ ఎవరి దగ్గరుంటది, రాత్రి ఎవరి దగ్గర" అని పెట్టండి. రేషన్ కార్డు రంగు మాత్రం అస్సలు అడగొద్దు.